అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 22 నెలలు ఇంట్లోనే ఎలా ఉన్నారు? మా నాన్నగారు ఇక ఆస్పత్రి వద్దంటున్నారు

డాక్‌యార్డ్ వారి అమ్మాయి, మర్రిపాలెం:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్నగారికి 84 ఏళ్లు. ఇక్కడ వైజాగ్ నేవల్ డాక్‌యార్డ్‌లో ఫిట్టర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యారు. గుండె పంపింగ్ బాగా తగ్గిపోయింది, కిడ్నీలు కూడా సరిగ్గా పనిచేయడం లేదు. ఏడు నెలల్లో నాలుగుసార్లు అడ్మిట్ చేశాం. ప్రతిసారీ అదే వరస. రాత్రి పడుకోగానే ఆయాసం, అంబులెన్సు, ఐసీయూ, ఇంజెక్షన్లతో ఒంట్లో నీరు తీసేయడం, ఐదారు రోజులకు డిశ్చార్జి. మొదటిసారి ఇంటికొచ్చాక పది రోజుల్లో లేచి వీధి చివర కిళ్లీ కొట్టు దాకా నడిచారు. నాలుగోసారి వచ్చాక మంచం దిగి బాత్రూంకి వెళ్లాలంటే ఇద్దరం పట్టుకోవాలి. ఆ చివరిసారి సెలైన్ పీకేసుకుంటున్నారని రెండు చేతులూ మంచానికి కట్టేశారు, మాకు చెప్పలేదు. విజిటింగ్ టైములో లోపలికి వెళ్తే నన్ను చూసి "ఇప్పమ్మా" అన్నారు, అంతే. కుడి మణికట్టు మీద ఆ గుడ్డ ఒరుసుకున్న మచ్చ ఇంకా మానలేదు.

పోయిన ఆదివారం నన్నూ మా ఆయన్నీ కూర్చోబెట్టి "ఇంక నన్నెక్కడికీ తీసికెళ్లకండి, ఏటైనా ఇక్కడే" అని చెప్పేశారు. మతి బాగానే ఉంది, ఏమంటున్నారో తెలిసే అన్నారు.

కార్టర్ ఎందుకు మధ్యలోకి వచ్చాడంటే, మా నాన్నగారికి ఆయనంటే మొదట్నించీ గౌరవం. అమెరికా అధ్యక్షుల్లో సబ్‌మెరైన్ల మీద పనిచేసినవాడు ఆయనొక్కడేనని చెప్తుంటారు. మా పిల్లల్ని బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూపించడానికి తీసుకెళ్లినప్పుడు ఆ ఇరుకు బంకుల మధ్య నిలబడి, ఇలాంటి దాంట్లో ఉన్న మనిషి తర్వాత దేశాన్ని నడిపాడర్రా అని చెప్పేవారు. 2024 డిసెంబరు 29న కార్టర్ పోయారు కదా, ఆ వార్త నాతో రెండుసార్లు చదివించుకున్నారు. నూరేళ్లు బతికి సొంతింట్లో పోయాడు అన్నారు. అప్పుడు నేను పట్టించుకోలేదు. ఇప్పుడు అర్థమవుతోంది, ఆ మాట అప్పటినుంచీ ఆయన మనసులో ఉందని.

నా ప్రశ్న ఇది. 2023 ఫిబ్రవరి 18న కార్టర్ ఇక ఆస్పత్రి వైద్యం చాలనుకుని ఇంటి దగ్గరే హాస్పిస్‌లో ఉంటారని ప్రకటించారు. అందరూ రోజుల్లో పోతారనుకున్నారు. కానీ దాదాపు 22 నెలలు ఉన్నారు. వైద్యం మానేస్తే అన్నాళ్లు ఎలా సాధ్యం? అసలు హాస్పిస్ అంటే మందులన్నీ ఆపేయడమేనా? మన వైజాగ్‌లో ఇంటి దగ్గర అలా చూసుకోవచ్చా? డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య "ఆస్పత్రికి తీసుకెళ్లకపోతే మన చేతులతో మనం చంపుకున్నట్టే" అన్నాడు ఫోన్లో. మా మేనత్తదీ అదే మాట. మూడు రాత్రుల్నించి నిద్ర లేదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

---

రాత్రి డ్యూటీ:

నేను స్టాఫ్ నర్సుని, పదహారేళ్ల సర్వీసు, అందులో ఎక్కువ భాగం ఐసీయూలోనే. చేతులు కట్టిన సంగతి చదివి చాలా బాధేసింది. ఒక్కోసారి కట్టక తప్పదు, కానీ ఇంటివాళ్లకు ముందు చెప్పాలి, తరచూ విప్పి చూడాలి. అది జరగలేదంటే తప్పే.

ముందు కార్టర్ సంగతి. హాస్పిస్ అంటే మందులు ఆపేయడం కాదు. జబ్బును నయం చేయడం కోసం ఒంటిని ఇంకా ఇంకా కష్టపెట్టే వైద్యం ఆపి, నొప్పి, ఆయాసం, నిద్ర పట్టకపోవడం, భయం, వీటికి వైద్యం చేయడం. అమెరికాలో ప్రభుత్వ బీమా కింద అది దొరకాలంటే, జబ్బు మామూలు దారిన పోతే ఆరు నెలలకు మించి బతకరని డాక్టర్లు రాసివ్వాలి. అది అంచనా మాత్రమే, గడువు కాదు. ఆరు నెలలు దాటితే మళ్లీ పరీక్షించి పొడిగిస్తూ పోతారు. కార్టర్‌కి అలాగే సాగింది. చాలామంది మరీ చివరి రోజుల్లో హాస్పిస్‌కి వస్తారు కాబట్టి హాస్పిస్ అనగానే చావే అనిపిస్తుంది. ఆయన ముందే నిర్ణయించుకున్నారు. అసలు ఏ జబ్బు వల్ల అందులో చేరారో కుటుంబం బయటపెట్టలేదు, అందుకని ఆ 22 నెలల్ని మీ నాన్నగారికి లెక్కగా పెట్టుకోకండి. అది ఎవరూ ఇవ్వగలిగిన హామీ కాదు.

ఇంకొకటి చెప్పాలి, ఇది మీ అన్నయ్యగారికి కూడా చదివి వినిపించండి. ఇదే కార్టర్‌కి 2015లో, 90 ఏళ్ల వయసులో, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ లివర్‌కి, మెదడుకి పాకిందని తేలింది. అప్పుడు ఆయన వద్దనలేదు. ఆపరేషన్ చేయించుకున్నారు, రేడియేషన్ తీసుకున్నారు, అప్పటికి మార్కెట్లోకి వచ్చి ఏడాది కూడా కాని పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసేది, తీసుకున్నారు. ఆ డిసెంబరుకల్లా స్కాన్‌లో క్యాన్సర్ జాడ లేదు. 2019లో తుంటి విరిగితే ఆపరేషన్, అదే ఏడాది పడిపోవడాల వల్ల మెదడు చుట్టూ రక్తం చేరితే దానికీ ఆపరేషన్. అంటే వైద్యం చేయించుకుంటే మళ్లీ లేచి తిరగొచ్చు అన్నంతకాలం చేయించుకున్నారు. 98 ఏళ్ల వయసులో మాత్రం, వరసగా ఆస్పత్రిలో చేరుతూ వచ్చాక, ఇక చాలన్నారు. మీరు రాసినదాంట్లోనే మీ నాన్నగారి లెక్క ఉంది చూడండి. మొదటిసారి కిళ్లీ కొట్టు దాకా నడిచారు, నాలుగోసారి బాత్రూంకే ఇద్దరు కావాలి. ఐసీయూ ఒక్కోసారి తిరిగి ఇచ్చేది తగ్గిపోతోంది. ఆ సంగతి ఆయన ఒంటికి తెలిసిపోయింది.

ఇంట్లో చేయాల్సినవి చెప్తాను. ఒంట్లో నీరు తీసే మాత్రలు ఆపకూడదు, అవే ఆయన ఊపిరి. నిలబడగలిగితే రోజూ పొద్దున్నే ఒకే టైముకి బరువు చూడండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతోందని అర్థం, అలా ఆయాసం రాకముందే డాక్టర్‌కి ఫోన్ చేస్తే మాత్ర పెంచుతారు. సగం ఆస్పత్రి పరుగులు అక్కడే తప్పుతాయి. తలవైపు ఎత్తు చేసి పడుకోబెట్టండి. ఆయాసం వచ్చినప్పుడు బల్ల మీద దిండు వేసి దాని మీదకి వాలి కూర్చోనివ్వండి, చిన్న టేబుల్ ఫ్యాన్ ముఖానికి తగిలేలా పెట్టండి. వినడానికి చిన్నదే కానీ ఎంత ఊరటో చూసినవాళ్లకే తెలుస్తుంది. మరీ తట్టుకోలేని ఆయాసానికి చాలా తక్కువ డోసులో మార్ఫిన్ ఇస్తారు, దాని పేరు వినగానే బెదిరిపోకండి. కానీ మీ నాన్నగారికి కిడ్నీలు బాగోలేవు, మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది. ఏ మందు, ఎంత అన్నది తెలిసిన డాక్టరే చూడాలి, ఎవరో ఇచ్చారని మీరు ఇవ్వొద్దు.

వీపున పుండ్లు పడకుండా గాలి పరుపు వేయండి, రెండు గంటలకోసారి పక్క మార్చండి. తిండి తగ్గిపోతే బలవంతంగా కుక్కకండి. అది మన ఇళ్లలో అందరూ చేసేదే, ప్రేమతోనే చేస్తారు, కానీ పొలమారితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇష్టమైంది రెండు చెంచాలు చాలు. కార్టర్ హాస్పిస్‌లో చేరి మూడు నెలలైనా పీనట్ బటర్ ఐస్‌క్రీం ఇష్టంగా తింటున్నారని మనవడు చెప్పారు అప్పట్లో. వేరుశనగ రైతు కదా ఆయన.

---

అట్లాంటా తెలుగు:

మాది పెదవాల్తేరు, పద్దెనిమిదేళ్లుగా అట్లాంటాలో ఉంటున్నాను. మీ అన్నయ్య మాట చదివి నా గొంతే వినిపించింది, అందుకే రాస్తున్నాను.

మా నాన్న 2017లో పోయారు. స్ట్రోక్ వచ్చి మాట పోయింది, తర్వాత నిమోనియా. వైజాగ్‌లోనే ఒక ప్రైవేటు ఆస్పత్రి, పేరెందుకు. డాక్టర్ మా తమ్ముడితో "వెంటిలేటర్ పెట్టినా పెద్దగా ఉపయోగం ఉండకపోవచ్చు" అన్నాడట. నేను ఇక్కడినుంచి ఫోన్లో అరిచాను, ఏదైనా చేయమను, డబ్బు నేను పంపుతా అని. పెట్టారు. పన్నెండు రోజులు. నేను టికెట్ దొరికి వచ్చేసరికి తొమ్మిదో రోజు. మా అమ్మని రోజుకి పది నిమిషాలు మాత్రమే లోపలికి పంపేవారు. యాభై రెండేళ్లు కాపురం చేసిన మనిషి అద్దం తలుపు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంది. అద్దానికి అవతల వెంటిలేటర్ ఆగినప్పుడు కూడా ఆమె ఆ కుర్చీలోనే ఉంది. దూరంగా ఉన్నవాళ్లకి చేయడానికి ఇంకేమీ లేక వైద్యం చేయించమనడమే ప్రేమ అనుకుంటాం. మీ అన్నయ్య చెడ్డవాడు కాదమ్మా, భయపడుతున్నాడు. వచ్చి చూడమనండి. కుదరకపోతే వీడియోలో మీ నాన్నగారినే నేరుగా మాట్లాడనివ్వండి, మధ్యలో మీరు చెప్పకండి.

కార్టర్ గురించి ఇక్కడివాడిగా నేను చూసినంత చెప్తాను. ఆయన సొంతూరు ప్లెయిన్స్ చాలా చిన్న ఊరు, మన పద్మనాభం వైపు ఊళ్లకన్నా చిన్నది. రెండు పడగ్గదుల ఇల్లు, 1961లో కట్టుకున్నది, ప్రెసిడెంటు పని అయిపోయాక కూడా మళ్లీ ఆ ఇంటికే వచ్చి చివరిదాకా అందులోనే ఉన్నారు. హాస్పిస్‌లో చేరి ఏడు నెలలైనా, 2023 సెప్టెంబరులో ఊళ్లో వేరుశనగ పండగ ఊరేగింపు జరిగితే భార్యాభర్తలిద్దరూ కారులో కూర్చుని వచ్చారు. అప్పటికే ఆవిడకి మతిమరుపు జబ్బు అని ప్రకటించి ఉన్నారు. ఆ నవంబరు 19న ఆవిడ పోయారు, 96 ఏళ్లు. రోజలిన్ కార్టర్. 77 ఏళ్ల కాపురం. అట్లాంటాలో సంస్మరణ సభకి కార్టర్‌ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు, ఒళ్లో కప్పిన దుప్పటి మీద ఆవిడ బొమ్మ. పెద్దగా కదల్లేని స్థితిలో ఉన్నారు. నేవీలో ఉన్న రోజుల్లో ఆయన భార్యకి రాసిన ఉత్తరాన్ని, 75 ఏళ్ల నాటిది, వాళ్ల కూతురు ఎమీ చదివి వినిపించింది. టీవీలో చూస్తున్న మా ఆవిడా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

ఆ తర్వాత కూడా ఇంకో పదమూడు నెలలు ఉన్నారాయన. నూరో పుట్టినరోజు కంటే ఎన్నికల్లో ఓటేయడమే తనకి ముఖ్యమని కొడుకుతో అన్నారట. 2024 అక్టోబరు 1న నూరేళ్లు నిండాయి, 16న పోస్టులో ఓటు వేశారు. నూరేళ్లు బతికిన మొదటి అమెరికా అధ్యక్షుడు ఆయనే. జనవరి మొదటి వారంలో ఆయన శవపేటికని కార్టర్ సెంటర్‌లో ఉంచితే రాత్రీ పగలూ జనం వెళ్లి చూశారు. నేను అర్ధరాత్రి దాటాక చలిలో లైన్లో నిలబడ్డాను. నా ముందు ఒక నల్లజాతి పెద్దావిడ, ఎనభై దాటి ఉంటాయి, కర్ర పట్టుకుని వచ్చింది, ఎవరో ముందుకు వెళ్లమన్నా వెళ్లలేదు. 9న వాషింగ్టన్‌లో అధికార లాంఛనాలు, బతికున్న అయిదుగురు అధ్యక్షులూ వచ్చారు. ఆ సాయంత్రమే మళ్లీ ప్లెయిన్స్ తీసుకెళ్లి ఇంటి ఆవరణలో భార్య పక్కనే పెట్టారు.

మీ నాన్నగారికి ఇంకో సంగతి చెప్పండి, సంతోషిస్తారు. ఆయన పేరు మీద అమెరికా నేవీలో ఒక సబ్‌మెరైన్ ఉంది, 2005లో చేరింది.

---

ఎన్ఏడీ జంక్షన్:

అందరూ బాగా రాశారు కానీ కార్టర్‌తో మనకి పోలిక పెట్టేముందు ఒకటి ఆలోచించండి. ఆయనకి నర్సులు, కాపలా, ఇంటినిండా మనుషులు. మన ఇళ్లలో హాస్పిస్ అంటే ఒక ఆడమనిషి. కూతురో కోడలో. నేను మా అత్తగారిని పద్నాలుగు నెలలు మంచంలో చూసుకున్నాను, క్యాన్సర్. ఆవిడ ఇంట్లోనే ప్రశాంతంగా పోయారు, అందుకు నాకు బెంగ లేదు. కానీ ఆ పద్నాలుగు నెలల్లో నాకు నడుము పోయింది, ఉద్యోగం పోయింది. రాత్రి రెండింటికి పక్కబట్టలు మార్చేటప్పుడు దుప్పటి రెండో కొస పట్టుకోవడానికి మనిషి ఉండాలి. ఉండేది కాదు. "నీకు పుణ్యం వస్తుందమ్మా" అని చెప్పి వెళ్లినవాళ్లు మాత్రం చాలామంది.

కాబట్టి మీ అన్నయ్యతో ఐసీయూ గురించి వాదించకండి. ఐసీయూకి పంపుదామనుకున్న డబ్బుతో రాత్రి అటెండెంటుని పెట్టమనండి. ఆక్సిజన్ మెషీన్, గాలి పరుపు అద్దెకి దొరుకుతాయి, అవీ ఆయన లెక్కలో వేయండి. మీ ఆయనకి ఏ పనులో, మీ పిల్లలకి ఏ పనులో కాగితం మీద రాసి గోడకి అంటించండి. మొహమాటపడకండి.

రోజలిన్ కార్టర్ ఈ విషయం మీదే జీవితం పెట్టారు. రోగుల్ని చూసుకునే ఇంటివాళ్ల కోసం 1987లోనే ఆవిడ పేరుతో ఒక సంస్థ మొదలైంది. లోకంలో ఉన్నవాళ్లంతా ఇప్పటికే ఎవర్నో చూసుకున్నవాళ్లో, చూసుకుంటున్నవాళ్లో, ముందుముందు చూసుకోబోయేవాళ్లో, లేకపోతే తమని చూసుకునే మనిషి అవసరం పడబోయేవాళ్లో, ఇంతకు మించి ఎవరూ లేరని ఆవిడ తరచూ చెప్పేవారు. నాకు ఆయన నూరేళ్లకన్నా ఈవిడ చేసిన పనే గొప్పగా కనిపిస్తుంది.

---

నోటరీ రాతలు:

చట్టం సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి. "చంపుకున్నట్టే" అన్న మాట చట్టం దృష్టిలో తప్పు. మతి స్పష్టంగా ఉన్న మనిషి నాకీ వైద్యం వద్దు అంటే, వద్దనే హక్కు ఆయనకుంది. మీ నాన్నగారు ఇప్పుడు మాట్లాడగలుగుతున్నారు కాబట్టి ఇప్పటికి ఆయన మాటే చాలు. ఆయన మాట్లాడలేని రోజు కోసం కాగితం ఉండాలి. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి కాగితాన్ని, అంటే లివింగ్ విల్‌ని, ఒప్పుకుంది. అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, దాంతో ఎవరూ చేయించుకోలేదు. 2023 జనవరిలో దాన్ని సులువు చేశారు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు ధ్రువీకరణ, అంతే. వెంటిలేటర్ వద్దు, గుండె ఆగితే ఛాతీ నొక్కి లేపొద్దు, నొప్పికి ఆయాసానికి మాత్రం మందులివ్వాలి అని విడివిడిగా రాయించండి. తన తరఫున నిర్ణయం తీసుకునేవాళ్ల పేర్లు కూడా రాయాలి. ఒకరికి మించి రాయొచ్చు, అందుకని మీ పేరూ మీ అన్నయ్య పేరూ రెండూ పెట్టండి. అన్నయ్య పేరు పెట్టమని ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే, ఇలాంటి గొడవలు కాగితం లేకపోవడం వల్లకన్నా పేరు లేకపోవడం వల్లే పెద్దవవుతాయి, నేను చూశాను. ఒక కాపీ మీ డాక్టర్‌కి ఇవ్వండి, ఒకటి మంచం దగ్గర ఫైల్లో ఉంచండి.

---

డాక్‌యార్డ్ వారి అమ్మాయి:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఒక్కో రిప్లై రెండు మూడుసార్లు చదువుకున్నాను.

నిన్న సాయంత్రం అన్నయ్యతో వీడియో కాల్ పెట్టి ఫోను నాన్నగారి చేతికిచ్చి నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో పూర్తిగా వినపడలేదు. ఒకసారి మాత్రం నాన్నగారు "మణికట్టు సూడు" అని కెమెరా ముందు చెయ్యి పెట్టడం కనిపించింది. తర్వాత అన్నయ్య నాకు విడిగా ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వచ్చే నెల ఇరవై రోజులు సెలవు పెట్టి వస్తానన్నాడు, రాత్రి అటెండెంటు డబ్బు ఈ నెల నుంచే పంపుతానన్నాడు. మేనత్త ఇంకా ఒప్పుకోలేదు.

సబ్‌మెరైన్ సంగతి చెప్పాను. "న్యూక్లియరా, డీజిలా?" అని అడిగారు వెంటనే. న్యూక్లియర్ అని వెతికి చెప్తే తలూపారు. తర్వాత రోజలిన్ గురించి అడిగారు, ఆవిడ ముందు పోయిందా అని. మా అమ్మ పోయి ఆరేళ్లు. పోయిందని చెప్పాక కాసేపు ఫ్యాన్ వైపు చూస్తూ ఉండిపోయి, మాడుగుల హల్వా ఉందా అని అడిగారు. షుగర్ ఉందని నాలుగేళ్లుగా ఇంట్లోకి రానివ్వలేదు నేను. మా అబ్బాయి బండేసుకుని వెళ్లి తెచ్చాడు. చిన్న ముక్క, గోరంత, నోట్లో పెట్టాను, చాలాసేపు చప్పరించారు.

ఎల్లుండి పొద్దున ఒక డాక్టర్ గారు ఇంటికొచ్చి చూస్తానన్నారు. నీటి మాత్ర ఎప్పుడు పెంచాలి, రాత్రి ఆయాసం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, కిడ్నీకి ఇబ్బంది లేని మందు ఏది, లివింగ్ విల్ కాపీ ఆయన దగ్గర పెట్టుకుంటారా, ఈ నాలుగూ రాసుకున్నాను. ఇంకేమైనా అడగాలంటే రేపు రాత్రిలోపు చెప్పండి.

---

రాత్రి డ్యూటీ:

ఇంకో రెండు రాసుకోండి. నోరు ఎండిపోతే ఏం చేయాలి, మలబద్ధకానికి ఏం వాడాలి. ఇవి మనం అడగకపోతే వాళ్లు చెప్పరు. అలాగే చివరి గంటల్లో శ్వాస ఎలా మారుతుందో ముందే అడిగి తెలుసుకోండి, లేకపోతే ఆ గురగుర శబ్దానికి బెదిరిపోయి మళ్లీ అంబులెన్సు పిలుస్తారు. నాన్నగారు వింటుండగా కాదు, బయట వరండాలో అడగండి. ఆ మణికట్టు మచ్చకి కొబ్బరి నూనె రాస్తున్నట్టయితే, పుండుగా ఉంటే మాత్రం రాయొద్దు, ఫొటో తీసి ఆ డాక్టర్‌కి చూపించండి.